తాడు కొలిచిన చేతులు

"తాడు పొడుగు ఎంతని పంచనామాలో రాశారు?"

"9 మూరలండీ."

"ఎవరు కొలిచారు?"

"నేనే."

"దేంతో?"

అక్కడ ఆగిపోయాను. మూర దేంతో కొలుస్తారు? మోచేతి నుంచి వేలి కొస దాకా, చేత్తోనే. ముద్దాయి తరఫు వకీలు కళ్లద్దాలు పైకి జరుపుకుని, "గ్లౌజులు వేసుకున్నారా?" అన్నాడు. లేదన్నాను. ఇక అడిగేది ఏమీ లేదని కూర్చున్నాడు. జడ్జిగారు ఒకసారి తలెత్తి నన్ను చూసి, మళ్లీ రాసుకోవడంలో పడ్డారు. వీఆర్వోగా ఎన్ని పంచనామాల మీద సంతకం పెట్టానో లెక్క లేదు. పోలీసులకు మధ్యవర్తి కావాలంటే మొదట గుర్తొచ్చేది వీఆర్వోనే. ప్రభుత్వ ఉద్యోగి కదా, కోర్టులో మాట మార్చడని నమ్మకం. మాట మార్చలేదు నేను. ఉన్నదున్నట్టు చెప్పాను. బోనులోంచి దిగుతూ నా అరచేతులు నేనే చూసుకున్నాను.

ఆ తాడు సంగతి 2016 వేసవిలో జరిగింది. మా మండలం సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. ఊరు దాటితే సర్వి తోటలు, వాటి వెనక రొయ్యల చెరువులు. ఒక చెరువు కాపలా మనిషి తెల్లారేసరికి షెడ్డు పక్కన శవమై పడి ఉన్నాడు. తల మీద దెబ్బ. చేతులు వెనక్కి విరిచి నైలాన్ తాడుతో కట్టేశారు. పక్కన తుప్పు పట్టిన గడ్డపార. నేను పోయేసరికి గట్టు మీద యాభై మంది దాకా ఉన్నారు. ఎవరో పెద్దాయన, చచ్చిన మనిషికి ఇంకా కట్లెందుకని అప్పటికే ముడి విప్పేశాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆ స్థితిలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో.

ఎస్సై కుర్రవాడు, మంచివాడు. రైటర్ పంచనామా రాస్తూ, "సార్, తాడు కొలత రాయాలి" అన్నాడు. టేపు లేదు. నేను తాడు తీసుకుని మూరలేశాను. తడిగా ఉంది, ఉప్పునీటి జిగట వేళ్లకు అంటింది, లుంగీకి తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. కానిస్టేబుల్ ఒకాయన గడ్డపార బరువు చూద్దామని ఒకసారి ఎత్తి దించాడు. తర్వాత రెండింటినీ మూట కట్టాలి. షెడ్డులో రొయ్యల మేత బస్తాలున్నాయి, వాటి లోపల పాలిథిన్ కవర్లుంటాయి. ఒకటి దులిపి అందులో తాడు పెట్టారు. నా సంతకం ఉన్న చీటీ మీద జిగురు ఎండిపోయి అంటుకోకపోతే, కానిస్టేబుల్ నాలికతో తడిపి అంటించాడు. లక్క పోసి సీలు గుద్దాక అది త్వరగా ఆరాలని నోటితో ఊదాడు కూడా.

ఇందులో ఒక్కరికీ చెడ్డ ఉద్దేశం లేదు. లంచం లేదు, ఒత్తిడి లేదు. అందరం మా పని మేం శ్రద్ధగానే చేశామనుకున్నాం.

ఆ మూట 23 రోజులు స్టేషన్‌లోనే ఉందని తర్వాత కోర్టులో బయటపడింది. ల్యాబు రిపోర్టులో దాని గురించి ఉన్నవి రెండే వాక్యాలు. తాడు మీద ఒకరికంటే ఎక్కువ మంది డీఎన్‌ఏ కలగాపులగంగా ఉంది, పోల్చడానికి పనికిరాదు. గడ్డపార పిడి వైపు నుంచి డీఎన్‌ఏ ప్రొఫైల్ రాలేదు. కేసు కొట్టేశారు. ఆ ఒక్క తాడు వల్లే పోయిందని అనను, మిగతా సాక్ష్యం కూడా అంతంతమాత్రమే. కానీ తీర్పు రోజున ఆ కాపలా మనిషి భార్య కోర్టు వరండాలో నన్ను పట్టుకుని, "డీఎన్‌ఏ అంటే ఎవరో తెలిసిపోతాదన్నారు గదా సారూ, మరి తెలవలేదా?" అని అడిగింది. టీవీలో చూసి ఉంటుంది. నేనేం చెప్పాలి? తెలిసిందమ్మా, అందులో నేను కూడా ఉన్నాను అని చెప్పాలా?

మన దగ్గర డీఎన్‌ఏ గురించి మాట్లాడేవాళ్లంతా ల్యాబు గురించే మాట్లాడతారు. కొత్త ల్యాబు, కొత్త మిషను, ఇన్ని గంటల్లో రిపోర్టు. నేననేది వేరు. వస్తువు ల్యాబు గడప తొక్కకముందే, చెరువు గట్టు మీదే, మొదటి అరగంటలోనే దాని జాతకం సగానికి పైగా తేలిపోతుంది. ఆ వస్తువు ఎలాంటిది, దాని మీద నుంచి కంటికి కనపడనిదాన్ని ఎలా తీయాలి, అంతకుముందు దాన్ని ఎవరు ముట్టుకున్నారు అనే మూడు ప్రశ్నలు అడిగే మనిషి అక్కడ లేకపోతే, కోట్ల రూపాయల మిషను కూడా నా మూరల లెక్కే తిరిగి చెబుతుంది.

ఇదంతా నాకు మొదట్నుంచీ తెలుసని కాదు. మా మేనకోడలు హైదరాబాదులో ఒక ప్రైవేటు ల్యాబులో డీఎన్‌ఏ పరీక్షలు చేస్తుంది. ఆ కేసు కొట్టేసిన ఏడాది సంక్రాంతికి ఇంటికొచ్చింది. నేను నా గోడు చెప్పుకుంటే ఆ పిల్ల నవ్వలేదు, ఓదార్చనూ లేదు. "మావయ్యా, వంటింట్లో పసుపుందా?" అంది.

పసుపు తెచ్చాను. మా ఇంట్లో వంట గట్టు మీద చీమకుర్తి గెలాక్సీ రాయి పరిచాం, నల్లగా, నున్నగా, మధ్యమధ్యలో బంగారు చుక్కలతో. పెరట్లో మా అమ్మ కాలంనాటి రోలుంది. అదీ రాయే. వేలికి చిటికెడు పసుపు రాసుకుని వంట గట్టు మీద ఒకచోట, రోలు అంచు మీద ఒకచోట రుద్దింది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తడిపి గట్టు మీద తుడిచింది. ఒక్క తుడుపుకే రాయి శుభ్రం, దూది పసుపు. రోలు మీద ఎన్నిసార్లు తిప్పినా గుంటల్లో పసుపు గుంటల్లోనే ఉంది. పైగా దూది పోగులు రాతికి చిక్కుకుని ఊడొచ్చాయి. "ఇప్పుడు చూడు, మనం తీసుకోవడం పోయి మన దూది దానికిచ్చి వచ్చాం" అంది.

ఆ తర్వాత బావి తాడు అడిగింది. కొబ్బరి తాడు. దానికి పసుపు రాసి దూదితో తుడిస్తే పైపైన కాస్త వచ్చింది. ఈసారి సెలోటేపు ముక్క తీసుకుని జిగురు వైపు తాడుకేసి అద్దింది. అద్దింది, లేపింది, కాస్త పక్కకు జరిపి మళ్లీ అద్దింది. పది పన్నెండు సార్లయ్యాక టేపు మీద పసుపు చారలు కనపడ్డాయి. చివరికి తాడు పురి విప్పి పేటల మధ్య చూపించింది. లోపల ఇంకా పసుపుంది. "ఇది కనపడుతోంది కాబట్టి నీకు తెలుస్తోంది. అసలుది కనపడదు. ఎక్కడుందో తెలీకుండా తీయాలి. అందుకే ముందు ఆలోచించాలి, వాడు ఎక్కడ పట్టుకుని ఉంటాడు, ఎక్కడ గట్టిగా లాగి ఉంటాడు అని. తాడైతే ముడి. ముడి బిగించేటప్పుడే చర్మం ఒరుసుకునేది. ముడి లోపలికి ఎండ తగలదు, వేరేవాళ్ల చెయ్యీ తగలదు. అందుకే ముడి విప్పకూడదు మావయ్యా. ముడికి దూరంగా కోసి, ముడిని ముడిలాగే పంపాలి."

మా తాడుకు ముడి లేదు. పెద్దాయన విప్పేశాడు, నేను చాపి కొలిచాను.

ల్యాబుల్లో వాడేది మా ఇంటి దూది పుల్ల కాదనుకోండి. కానీ లెక్క అదే. నున్నటి వస్తువుకు స్వాబ్, అంటే దూది చుట్టిన పుల్ల: మొదట శుద్ధమైన నీటితో కాస్త తడిపిన స్వాబ్‌ను నొక్కి, తిప్పుతూ తుడుస్తారు. వెంటనే పొడిది ఇంకొకటి అదే చోట తిప్పి, మిగిలిన తడిని ఎత్తుతారు. రెండూ కలిపి పరీక్షకు పెడతారు. బట్టలకు, తాళ్లకు, సీటు కవర్లకు టేపు. మరకలా గట్టిపడినదాన్ని గీకుతారు, లేదా ఆ ముక్కే కోసి పెడతారు. మొరటు రాయి, ఇటుక, కలపలాంటి వాటికి తడి వాక్యూం అని ఒకటుంది. శుద్ధమైన ద్రావణం చిమ్ముతూ అదే క్షణంలో పీల్చుకుంటుంది, తర్వాత ఆ నీళ్లను వడకడతారు. మాంసం మీద సూక్ష్మజీవులను పట్టడానికి మొదలైన పద్ధతి అది, తర్వాత నేరపరిశోధనకు వచ్చింది. రోలు గుంటలో పసుపు కూడా వస్తుందా దాంతో అంటే, "అంతా రాదు, కానీ దూది కంటే నయం" అంది.

ఇంత తంటా ఎందుకో అర్థం కావాలంటే పరిమాణం తెలియాలి. మన ఒక్క కణంలో ఉండే డీఎన్‌ఏ బరువు సుమారు 6 పికోగ్రాములు. గ్రాములో లక్ష కోట్లవ వంతు ఒక పికోగ్రాము. ఇప్పటి పరీక్ష కిట్లకు సుఖంగా సరిపోయేది సగం నుంచి 1 నానోగ్రాము, అంటే 80 నుంచి 150 కణాల సరుకు. రక్తపు చుక్కలో అంతకు ఎన్నో రెట్లుంటుంది. చెయ్యి తగిలిన చోట మాత్రం ఒక్కోసారి అందులో పదోవంతు కూడా ఉండదు. ఉన్నదాంట్లో కొంత దూదిలోనే చిక్కుకుంటుంది, కొంత సీసా గోడకు అంటుతుంది, కొంత శుద్ధి చేసేటప్పుడు కొట్టుకుపోతుంది. సంతలో కూరగాయలు కొని చిల్లుసంచిలో వేసుకుని నడిచొచ్చినట్టు, ఇల్లు చేరేసరికి ఏం మిగులుతుందనేదే ప్రశ్న.

ఒకప్పుడు ఈ బాధ లేదు, ఎందుకంటే అప్పట్లో ఈ ఆశే లేదు. 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్రను కనిపెట్టినప్పుడు గానీ, 1988 ప్రాంతంలో మన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం సొంత పద్ధతి తయారు చేసినప్పుడు గానీ, కంటికి కనపడే మరక కావాలి. సీసీఎంబీ వాళ్ల ప్రోబుకు, అంటే డీఎన్‌ఏలో గుర్తులు వెతికే ముక్కకు, మూలం కట్లపాము జాతి పాము డీఎన్‌ఏ మీద చేసిన పరిశోధన. పాములో ఆడా మగా తేడా ఎక్కడుందని వెతకబోతే మనుషుల్ని గుర్తుపట్టే దారి దొరికింది. మన దేశం తన కాళ్ల మీద నిలబడిన పని అది. తర్వాత 1997లో ఆస్ట్రేలియాలో వాన్ ఊర్షాట్, జోన్స్ అనే ఇద్దరు, ఊరికే చేత్తో పట్టుకున్న తాళంచెవుల మీద, ఫోన్ల మీద, బ్యాగు పిడుల మీద కూడా డీఎన్‌ఏ దొరుకుతుందని చూపించారు. అక్కడి నుంచి ఆట మారింది. అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఒకరి డీఎన్‌ఏ ఇంకొకరి చేతిమీదుగా మూడో వస్తువు మీదకు చేరవచ్చు.

ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మన జిల్లాల వస్తువుల సంగతి.

ఇక్కడ నేరాలు జరిగే చోట్లలో టీవీ సీరియల్లోలా గాజు గ్లాసులూ తళతళలాడే పిస్తోళ్లూ ఉండవు. గడ్డపార, కొడవలి, సర్వి కర్ర, పురికొస, రొయ్యల చెరువు ఏరేటర్ రెక్క, చేల మధ్య ట్రాన్స్‌ఫార్మర్. ప్రతిదీ ఒక పేచీ. తుప్పు పట్టిన ఇనుము రోలు కంటే గుంటలు ఎక్కువ, పైగా ఆ లోహం పరీక్షకు అడ్డం తగులుతుంది. కొడవలి పిడి కలప, చెమటను తాగేస్తుంది. జీన్స్ ప్యాంటు నీలిమందు, తోలు చెప్పుల టానిన్, పొలం మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం ఇవన్నీ స్వాబ్‌తో పాటే వచ్చి ల్యాబులో డీఎన్‌ఏ కాపీలు తీసే రసాయన చర్యను ఆపేస్తాయి. సరుకు ఉంటుంది, మిషను మాత్రం చూడలేదు. రిపోర్టులో "రాలేదు" అని ఉంటుంది, చదివేవాళ్లు "లేదు" అని చదువుకుంటారు.

రాగి సంగతి విన్నాక నాకు మతి పోయింది. మా వైపు ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి లోపలి రాగి తీగ ఎత్తుకుపోవడం రైతులకు ఎంత పెద్ద బాధో చెప్పక్కర్లేదు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు పోతే ఇక అంతే. దొంగ గంటసేపు ఆ తీగతో కుస్తీ పట్టి ఉంటాడు కదా, బోలెడంత దొరుకుతుందనుకుంటాం. కానీ రాగి డీఎన్‌ఏను ముక్కలు చేసేస్తుంది. పేలిన తూటాల మీద డీఎన్‌ఏ దొరకడం ఎందుకంత కష్టమని వెతికినవాళ్లు గమనించింది ఇదే. పేలినప్పటి వేడి ఒక్కటే కాదు, తూటా గొట్టం ఇత్తడి, అంటే రాగి, జింకు. అందుకే దాన్ని దూదితో తుడిచే బదులు, లోహాన్ని కట్టిపడేసే ద్రావణంతో కడిగి ఆ కడుగునీళ్లు తీసుకునే పద్ధతులు వచ్చాయి. కాబట్టి రాగి దొంగతనంలో తీగ ముక్క వెంట పడేకంటే, వాడు వదిలేసి పోయిన పానా పిడి, తాగి పారేసిన నీళ్ల సీసా మూతి, కాల్చి పడేసిన బీడీ చూడటం మేలు. ఎంగిలి ఎప్పుడూ చేతి తాకిడి కంటే ధారాళం. గుడి గంట పోయి దొరికిందనుకోండి, ఇత్తడి బాధ ఒకటి, దాన్ని ఊరంతా కొట్టి ఉండటం ఇంకొకటి.

ఇక ఎండ. మేలో ఒంగోలులో ఎలా ఉంటుందో రాయనక్కర్లేదు. తడి తాడును పాలిథిన్‌లో కట్టి ఆ వేడిలో పెడితే లోపల చెమట పట్టి బూజు, సూక్ష్మజీవులు కమ్మేస్తాయి. అవి డీఎన్‌ఏను కొరుక్కుతింటాయి. ఈ మాట సైన్సులా చెబితే కష్టంగా అనిపిస్తుందేమో గానీ, తేమ ఆరని పొగాకు బేలు కడితే ఏమవుతుందో టంగుటూరు రైతును అడగండి. వేలం కేంద్రంలో బయ్యరు చెయ్యి పెట్టి చూసి పక్కకు నెట్టేస్తాడు. తడి వస్తువును నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టాలి. ఇంతే. మేం చేసింది ఇందుకు సరిగ్గా తలకిందులు. పొగాకు పండించే జిల్లాలో, బేలుకు ఇచ్చిన మర్యాద శవం మీది తాడుకు ఇవ్వలేకపోయాం.

ఇప్పుడు ఆ చేతిమీదుగా చేరే సంగతి. ఎందుకంటే నా వాదనలో ఒక చిక్కుంది, అది దాచిపెడితే మోసం.

తీసే పద్ధతి బాగుపడేకొద్దీ దొరికేది పెరుగుతుంది. దొరికేది పెరిగేకొద్దీ, ఏ పాపమూ ఎరగనివాళ్లు దొరికే వీలూ పెరుగుతుంది. జర్మనీలో, దాని పక్క దేశాల్లో 1993 నాటి హత్య మొదలుకుని దాదాపు 40 ఘటనా స్థలాల్లో ఒకే ఆడమనిషి డీఎన్‌ఏ దొరికింది. 2007లో హైల్‌బ్రాన్‌లో పోలీసమ్మాయిని కాల్చి చంపిన చోట కూడా అదే. దేశమంతా ఆ దయ్యం కోసం వెతికారు. చివరికి 2009లో తేలిందేమిటంటే, ఆమె స్వాబులు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. స్వాబులు స్టెరైలే, కానీ స్టెరైల్ అంటే సూక్ష్మజీవులు చచ్చాయని మాత్రమే. నీళ్లు మరగబెడితే అందులో పడిన చీమ చస్తుంది, కానీ గిన్నెలోనే ఉంటుంది కదా. ఆ తర్వాతే, 2016లో, ఇలాంటి సామాను మీద మనిషి డీఎన్‌ఏ అంటకుండా తయారు చేయాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఒక ప్రమాణం పెట్టింది.

కాలిఫోర్నియాలో 2012లో ఇంకో ఘోరం. హత్యకు గురైన మనిషి గోళ్ల కింద దొరికిన డీఎన్‌ఏ ఒక ఇల్లూ వాకిలీ లేని మనిషిదని తేలి, అతన్ని నెలల తరబడి జైల్లో పెట్టారు. తీరా చూస్తే ఆ రాత్రి అతను తాగి పడిపోయి ఆస్పత్రిలో ఉన్నాడు. అతన్ని చూసిన అంబులెన్సు సిబ్బందే కొన్ని గంటల తర్వాత హత్య జరిగిన ఇంటికీ వెళ్లారు. వాళ్లతో పాటే అతని డీఎన్‌ఏ వెళ్లింది. ఆస్పత్రి రికార్డు అంటూ ఒకటి ఉండబట్టి బతికిపోయాడు. మా చెరువుల మీద మేత చల్లే కూలీకి ఏ రికార్డుంటుంది? తాడు, గడ్డపార, ఏరేటర్ అన్నీ వాడు రోజూ పట్టుకునేవే. వాడి డీఎన్‌ఏ తాడు మీద లేకపోతేనే అనుమానపడాలి. డీఎన్‌ఏ ఎవరిదో చెబుతుంది. ఎప్పుడు అంటిందో, ఎందుకు అంటిందో చెప్పదు. ఆ సంగతి పక్కనున్న మనుషులు చెప్పాలి, దాన్ని ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి.

అందుకే నేనడిగేది చాలా చిన్నది. పంచనామాలో ఒక పేరా. "ఈ వస్తువును మేము రాకముందు ఎవరెవరు ముట్టుకున్నారు, వచ్చాక ఎవరెవరు ముట్టుకున్నారు, ఎలా" అని. మామూలు రోజుల్లో దాన్ని ఎవరు వాడతారో కూడా. వస్తువు పొడుగు, రంగు, బ్రాండు పేరు అన్నీ రాస్తాం, "సుమారు" అంటూ తూకం కూడా రాస్తాం. ముట్టుకున్న చేతులు మాత్రం రాయం. ఆ పేరా ఉంటే, ల్యాబుకు నా లాలాజలం, పెద్దాయనది, కానిస్టేబుల్‌ది నమూనాలుగా పంపి, కలగాపులగంలోంచి మమ్మల్ని తీసేసి మిగిలిందేమిటో చూసే వీలుండేది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే సంతోషంగా ఇచ్చేవాణ్ణి.

చట్టం వైపు నుంచి కదలిక లేదనను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే కొత్త నేర విచారణ పద్ధతి చట్టం, 176వ సెక్షను ప్రకారం, 7 ఏళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు 5 ఏళ్ల గడువిచ్చారు. సుప్రీంకోర్టు కూడా ఊరుకోలేదు. ఢిల్లీకి చెందిన ఒక అమ్మాయి హత్య కేసులో ఉరిశిక్ష పడిన ముగ్గురిని 2022 నవంబరులో విడిచిపెడుతూ, నమూనాలు ల్యాబుకు పోకుండా పది రోజులకు పైగా పోలీసు మాల్‌ఖానాలో, అంటే సామాను గదిలో, ఉండిపోవడాన్ని ఎత్తి చూపింది. తమిళనాడు సురులి జలపాతం దగ్గర 2011లో జరిగిన జంట హత్యల కేసులోనూ ఉరిశిక్ష పడిన మనిషిని 2025 జూలైలో విడిచిపెట్టి, ఈసారి దేశమంతటికీ నియమాలు పెట్టింది. తీసిన డీఎన్‌ఏ నమూనా 48 గంటల్లో ల్యాబుకు బయల్దేరాలి, కోర్టు అనుమతి లేకుండా మూట విప్పకూడదు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో మొదట్నుంచీ చివరి దాకా ఒక రిజిస్టరు ఉండాలి. 48 గంటలు అని చదివినప్పుడు నాకు మా 23 రోజులు గుర్తొచ్చాయి.

అయితే ఈ రిజిస్టరు వస్తువు మూటలోకి ఎక్కినప్పటి నుంచి మొదలవుతుంది. మా తాడు పాడైంది అంతకుముందే. నిపుణుడి బండి జిల్లా కేంద్రం నుంచి మా చెరువు దాకా రావాలంటే, దారి బాగుంటే రెండు గంటలు. ఆ రెండు గంటలూ వస్తువు ఎవరి చేతుల్లో ఉంటుంది? బీట్ కానిస్టేబుల్, సచివాలయం పిల్లలు, సర్పంచి, ఏడ్చే చుట్టాలు. వాళ్లకు ఎవరూ ఏమీ నేర్పరు. శిక్షణంతా ల్యాబు వైపే పోతుంది.

ఈ మాటలే ఒక రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌తో అన్నాను. ఇద్దరం రోజూ ఒకే అంగట్లో టీ తాగుతాం. ఆయన గ్లాసు కింద పెట్టి, "నువ్వు బలే చెప్తావన్నా. శవం ముందు పెళ్లాం బిడ్డలు పడి ఏడస్తుంటారు. ఎండకి వాసనొస్తుంటాది. పైనుంచి ఫోను మీద ఫోను. ఊళ్లో గొడవైద్దేమోనని ఒక కన్ను అటుండాలి. అప్పుడు నీ కాగితం కవరు యాడుందని ఎతకాలా?" అన్నాడు. నిజమే. ఆయన కోపంలో న్యాయం ఉంది. నలుగురు కానిస్టేబుళ్లున్న స్టేషన్‌కు నేను ఇంకో పని చెబుతున్నాను. కానీ కాసేపయ్యాక ఆయనే అన్నాడు, "చుట్టూ తాడు కట్టి ముట్టుకోవద్దంటే మనోళ్లు ఇంటారులే. ఎందుకో చెప్పాల. ఎవరూ చెప్పలా మాకు కూడా." ముప్పై ఏళ్లకు పైగా సర్వీసు చేసిన మనిషి ఆ మాటంటే నేనింక ఎదురు చెప్పలేదు.

మా మేనకోడలికి నా ఉత్సాహం మీద అంత నమ్మకం లేదు. "నువ్వు అన్నీ సరిగ్గా చేసినా తుప్పు గడ్డపార మీద ఏమీ రాకపోవచ్చు మావయ్యా. ముడి ముడిలాగే పంపినా రాకపోవచ్చు. కొందరి చేతులకు కణాలు ఎక్కువ రాలతాయి, కొందరివి అసలు రాలవు. ఆ కాపలా ఆయన భార్యకు నువ్వు అది కూడా చెప్పాలి" అంది. చెప్పలేదు నేను. ఆ ఇంటి మీదుగా పోయినప్పుడల్లా చెప్పాలనుకుంటాను, ఆమె గేదెకు కుడితి పెడుతూ తలెత్తి చూస్తుంది, "బాగున్నారా సారూ" అంటుంది, బాగున్నానమ్మా అని పోతాను.

పోయిన నెల మా ఊరి పడమటి చేలల్లో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టారు. రిటైరైన నాకు అక్కడ పని లేదు, అయినా కాళ్లు ఆగలేదు. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ కుర్రాడు. ఆశ్చర్యం, చేతులకు గ్లౌజులున్నాయి, చంకలో గోధుమరంగు కాగితం కవరుంది. జనాన్ని దూరంగా నిలబెట్టాడు. దొంగలు వదిలేసిన పానా గడ్డిలో కనపడగానే ముట్టుకోకుండా ముందు ఫోటో తీశాడు. నాకు ఎంత సంతోషమేసిందో. అంతలో ఫోను మోగింది. అదే గ్లౌజు చేత్తో జేబులోంచి తీసి చెవికి, చెంపకు ఆనించుకుని, "సార్, ఆ సార్, వచ్చా సార్" అని మాట్లాడి, మళ్లీ జేబులో పెట్టుకుని పానా వైపు వంగాడు.

"బాబూ, ఆ గ్లౌజు మార్చుకో" అన్నాను.

వాడు చెయ్యి చూసుకున్నాడు, నన్ను చూశాడు. "ఒక్క జతే ఇచ్చారు సార్."